గుండె కణంలో కాల్షియం తలుపులు: డాబా మీద మోడల్ చేసే పద్ధతి

మా అన్నయ్య కూతురు ఎంబీబీఎస్ ఫస్టియర్. పోయిన డిసెంబరులో కాలేజీ ఎగ్జిబిషన్‌కి గుండె కండర కణం మోడల్ చేస్తానని పెదవాల్తేరులో మా ఇంటికొచ్చి, రెండు రోజులు డాబా మీదే ఉంది. మూడో రోజు పొద్దున్న పైకెళ్లి చూస్తే, అట్ట మీద వంద థర్మోకోల్ ముక్కలు, ఒక్కోటీ ఒక కాల్షియం తలుపన్నమాట. అడ్డం పది, నిలువు పది. సినిమా హాల్లో కుర్చీల్లా చక్కగా వరసలు తీరి ఉన్నాయి. "బాగుందా అత్తా?" అంది. చూడ్డానికి బాగుంది. కానీ తప్పు, నిజం గుండె కణంలో ఆ తలుపులు అలా వరసలు కట్టవు. ఆ మాట పైకి అనడానికి నాకు రెండు గ్లాసుల టీ పట్టింది.

దాన్ని తప్పుపట్టే హక్కు నాకూ పెద్దగా లేదు. పాతికేళ్లు బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే బోర్డు మీద నేనూ అలా వరసలే గీసేదాన్ని. ఆ రోజు ఇద్దరం కూర్చుని ముక్కలన్నీ పీకి మళ్లీ మొదటి నుంచి చేశాం. ఎలా చేశామో రాస్తున్నాను. స్కేలు ముక్కలు కోయడానికే వాడండి, అతికించేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి రండి.

ఏం చేస్తున్నామో ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. గుండె కండరం బిగుసుకోవాలంటే కణంలో కాల్షియం పెరగాలి. బయటి నుంచి వచ్చేది కొంచెమే. అసలు సరుకంతా కణం లోపలే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే గోదాములో ఉంటుంది. ఆ గోదాముకి ఉన్న తలుపులే రయనోడిన్ రిసెప్టర్లు. గుండెలో ఉండేది వాటిలో రెండో రకం, ఆర్‌వైఆర్2 అంటారు. రయనోడిన్ అనేది రయానియా అనే దక్షిణ అమెరికా మొక్కలోని విషం, ఒకప్పుడు పురుగుమందుగా వాడేవారు. అది ఈ తలుపుకి గట్టిగా అతుక్కుంటుంది గనక తలుపుకి కూడా ఆ పేరే పెట్టారు. తలుపు మామూలుగా దానంతట అది తెరుచుకోదు. కణం పై పొర అక్కడక్కడా గొట్టంలా లోపలికి దిగుతుంది, దాన్ని టీ-ట్యూబ్యూల్ అంటారు. ఆ గొట్టం గోడలో ఎల్-టైప్ కాల్షియం ఛానళ్లు ఉంటాయి. గుండెకి కరెంటు సిగ్నల్ రాగానే అవి తెరుచుకుని చిటికెడు కాల్షియం లోపలికి వదులుతాయి. ఆ చిటికెడు తగిలితే గోదాము తలుపులు తెరుచుకుంటాయి. పెరుగుకి తోడు వేసినట్టు, కాల్షియమే కాల్షియాన్ని రప్పిస్తుంది. ట్యూబ్యూల్, గోదాము ఇలా ఎదురెదురుగా ఉన్న జంటనే డయాడ్ అంటారు. మనం చేయబోయేది ఒక డయాడ్.

కొలత సంగతి తేలిస్తే సగం పని అయినట్టే. ఒక నానోమీటరుకి ఒక మిల్లీమీటరు వేసుకోండి. అంటే అన్నీ 10 లక్షల రెట్లు పెద్దవవుతాయి, ఒక మైక్రాను ఒక మీటరవుతుంది. గుండె కింది గదిలోని ఒక కణం సుమారు 100 మైక్రాన్ల పొడవుంటుంది. మన లెక్కలో అది 100 మీటర్లు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు మీద పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్ల పైచిలుకు. అంటే మన కణం కుర్సురా కన్నా కాస్త పెద్దది, దానికన్నా బాగా లావు. ఆ కణంలో టీ-ట్యూబ్యూళ్లు సుమారు రెండు మీటర్లకొక వరస చొప్పున లోపలికి దిగుతుంటాయి. కుర్సురా లోపల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచినవాళ్లు, రెండు అడుగులకో మూడు అడుగులకో ఒక గొట్టం తల మీదుగా పోయిందని గుర్తు తెచ్చుకోండి. అలాంటి చోటే మనం కూర్చోబోయేది.

సామాను: 12 మిల్లీమీటర్ల మందం థర్మోకోల్ షీట్లు రెండు, ఖాళీ అయిన 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఒకటి, ఫ్రిజ్‌దో వాషింగ్ మెషీన్‌దో దళసరి అట్టపెట్టె, ఎర్ర బొట్టు బిళ్లల ప్యాకెట్, ఫెవికాల్, టేపు, అగరుబత్తీలు, సుద్దముక్కలు, నాలుగు గవ్వలు. షీట్లు మేము పూర్ణా మార్కెట్‌లో కొన్నాం. గవ్వలు బీచ్ రోడ్డులో బళ్ల మీద దొరుకుతాయి, బేరమాడండి.

థర్మోకోల్‌కి రబ్బరు జిగురు వాడకండి. మేము మొదట అదే రాశాం, అది థర్మోకోల్‌ని తినేసింది. ఇరవై ముక్కలు కళ్లముందే కుంగిపోయి జంతికల్లా అయ్యాయి. ఫెవికాల్‌తో ఆ బాధ లేదు గానీ, మన విశాఖ గాలిలో తడికి అది ఆరడానికి ఒక పూట కాదు, ఒక రోజు పడుతుంది. ఇంకో సంగతి, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి మొదలవుతుంది. కోసిన ముక్కలు మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. మావి సగం పక్కింటి వాళ్ల తులసికోట దగ్గర తేలాయి. మా అమ్మ కిందనుంచే, "ఏటే ఇది, డిసెంబర్ల మంచు కురుస్తందా?" అంది.

ముక్క కొలత 27 మిల్లీమీటర్ల చదరం. ఒక్క రిసెప్టర్ పైభాగం నిజంగా 27 నానోమీటర్ల చదరమే. ఇప్పటిదాకా తెలిసిన అయాన్ ఛానళ్లన్నిటిలో పెద్దది ఇదే. నాలుగు ఒకేరకం ముక్కలు కలిసి ఒక తలుపు అవుతుంది, ఒక్కో ముక్కలో 4,967 అమైనో ఆమ్లాలు. మొత్తం బరువు తూస్తే హిమోగ్లోబిన్‌లాంటివి ముప్పై అయిదు పెడితే గానీ సరిపోదు. అందుకే ప్రతి ముక్క మీదా పెన్నుతో కూడిక గుర్తు గీసి నాలుగు భాగాలు చూపించండి. వెలిగించిన అగరుబత్తి మొనతో సరిగ్గా నడిమధ్యన చిల్లు పెట్టండి, కాల్షియం వచ్చే దారి అదే. బత్తి గట్టిగా నొక్కకండి, ఆనిస్తే చాలు. ఆ పొగ మంచిది కాదు, ఈ పని ఆరుబయటే చేయండి. ఇలా 45 ముక్కలు చాలు. వంద అక్కర్లేదు, ఎందుకో కింద చెప్తాను.

నీళ్ల క్యాన్ మన టీ-ట్యూబ్యూల్. దాని అడ్డుకొలత సుమారు 27 సెంటీమీటర్లు. ఎలుక గుండె కణాల్లో ట్యూబ్యూల్ సగటున 250 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి కొలత బాగానే కుదిరింది. అట్టను 40 సెంటీమీటర్ల చదరంగా కోసి క్యాన్ ఒంపుకి తగ్గట్టు వంచండి, ఇది గోదాము గోడ. దాని వెనక మూడు సెంటీమీటర్లు వదిలి ఇంకో అట్ట పెడితే గోదాము లోపలి చోటు అవుతుంది. ముక్కలన్నీ అట్ట లోపలి ముఖానికి, అంటే క్యాన్ వైపుకి అతకాలి. అట్టను ఒక అంచునే క్యాన్‌కి టేపు వేయండి, బీరువా తలుపులా తెరిచి చూపించడానికి వీలుంటుంది. మూసినప్పుడు అట్టకీ క్యాన్‌కీ మధ్య ఎడం ఒకటింబావు సెంటీమీటరు మించకూడదు. మోడల్ అంతటిలో ముఖ్యమైన కొలత ఇదే. నిజం కణంలో ఆ సందు 12 నుంచి 15 నానోమీటర్లు. మన థర్మోకోల్ మందం కూడా 12 కావడంతో ముక్క సందు నిండా సరిపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మొదట చూసినవాళ్లకి ఇవి రెండు పొరల మధ్య నిలబడ్డ కాళ్లలా కనిపించాయి, వీటికి పాదాలనే పేరు పెట్టారు.

క్యాన్ మీద బొట్టు బిళ్లలు ఎల్-టైప్ ఛానళ్లు. వీటిని పిసినారితనంగా అతకండి. జంతువుని బట్టి నాలుగు నుంచి పది తలుపులకి ఒక్క ఎల్-టైప్ ఛానల్ ఉంటుంది. 45 ముక్కలకి ఎనిమిది బిళ్లలు పెట్టాం.

ఇప్పుడు అసలు విషయం, ముక్కల అమరిక. అందరి పుస్తకాల్లోనూ ఆ వరసలు ఎక్కడివి? చాలావరకు అవి ఒంటి కండరాలవి, అంటే కాళ్లూ చేతులూ ఆడించేలాంటివి, గుండెవి కావు. టోడ్‌ఫిష్ అనే చేపలో ఈత సంచిని ఆడించే కండరం ఉంటుంది, చాలా వేగంగా కదులుతుంది. 1980లలో దాని మీద తీసిన చిత్రాల్లో తలుపులు రెండేసి వరసలుగా, పట్టాలు పరిచినట్టు కనిపించాయి. ఒకటి విడిచి ఒక తలుపు ఎదుట నాలుగేసి ఛానళ్లు. ఒంటి కండరంలో ఎదుటి ఛానల్ నేరుగా తోస్తే తలుపు తెరుచుకుంటుంది, అందుకు వరస కావాలి. గుండెలో తోయడం లేదు, మధ్యలో కాల్షియం పరిగెత్తాలి. కాబట్టి ఎదురెదురుగా కూర్చోవాలన్న నియమం కూడా లేదు.

మామూలు మైక్రోస్కోపుతో ఇది తేల్చలేకపోయారు. కాంతితో చూసేటప్పుడు సుమారు 200 నుంచి 250 నానోమీటర్ల లోపు ఉన్న రెండు వస్తువులు విడివిడిగా కనపడవు. మన మోడల్‌లో అది జానెడు. డాబా మీద చెయ్యి పరిచి చూడండి, ఆ జానలో ఎన్ని ముక్కలున్నా మైక్రోస్కోపుకి ఒకటే మచ్చ. అందుకని మచ్చ నిండా తలుపులు కిక్కిరిసి ఉంటాయని అనుకుని, గుంపుకి వంద దాకా ఉంటాయని లెక్క వేశారు. మా అమ్మాయి వంద కోసింది ఆ లెక్క ప్రకారమే. జానెడు హద్దు దాటే పద్ధతులు వచ్చాక (2014లో కెమిస్ట్రీ నోబెల్ వాటికే ఇచ్చారు) కథ మారింది. 2009లో న్యూజిలాండ్ ఆక్లండ్ వాళ్లు ఎలుక గుండె కణాల పై పొర దగ్గర చూస్తే గుంపుకి సగటున 14 మాత్రమే లెక్కతేలాయి. అదీ సగటే. పెద్ద గుంపులు కొన్ని, బోలెడన్ని చిన్నాచితకా గుంపులు, ఒంటరిగా ఉన్నవి ఇంకొన్ని. 2018కి ఒక్కో తలుపునీ విడిగా చూడగలిగారు. పక్క తలుపుకి దూరం, నడిమి నుంచి నడిమికి, సుమారు 40 నానోమీటర్లు. తలుపు వెడల్పు 27 కదా. అంటే గుంపులో కూడా మధ్యమధ్య సందులున్నాయి, కిక్కిరిసి లేవు.

2014లో కెనడా వాంకూవర్ వాళ్లు ఇంకో మెలిక చూపించారు. గుంపు లోపల కొన్ని పక్కపక్కన ఆనుకుని ఉంటే, కొన్ని చదరంగం నల్లగళ్లలా మూలలు మాత్రమే తగిలేలా ఉన్నాయి, కొన్ని దేనికీ తగలకుండా ఉన్నాయి. పైగా ఇది శాశ్వతం కాదు. మెగ్నీషియం పెంచితే ఎక్కువ భాగం పక్కపక్కకి చేరాయి, ఫాస్ఫేటు తగిలిస్తే చదరంగం తీరుకి మారాయి. ఆడ్రినలిన్ పని మొదలైనప్పుడు కణంలో జరిగేది ఆ ఫాస్ఫేటు తగిలించడమే. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే. గుండె తన తలుపుల్ని సర్దుకుంటూ ఉంటుంది.

సరే, ముక్కల్ని వంకరగా అతకమంటే చేతికి రాదు. ప్రయత్నించి చూడండి, నాలుగో ముక్కకి మీ చెయ్యి మళ్లీ వరసలోకి వచ్చేస్తుంది. అందుకే గవ్వలు. మొదటి ముక్కను అట్ట మధ్యలో ఎక్కడో పెట్టి, ప్రతి కొత్త ముక్కకీ నాలుగు గవ్వలు వేయండి. ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడండి. ఒకటి పడితే ఉన్న ముక్కల్లో దేనికో ఒకదానికి పక్క ఆనించి పెట్టండి. రెండు పడితే మూల మాత్రం తగిలించండి. మూడు పడితే దగ్గర్లోనే ఒకటీ రెండు సెంటీమీటర్లు సందు వదిలి పెట్టండి. నాలుగూ పడితే ఆ చోట ఖాళీ అని సుద్దతో గుర్తు పెట్టి వదిలేయండి. ఏదీ పడకపోతే పది సెంటీమీటర్ల అవతల కొత్త గుంపు మొదలు. ఇది ప్రకృతి పాటించే సూత్రమేం కాదు, మన చేతిని వరస కట్టకుండా ఆపడానికి నేను కల్పించిన ఆట. మాకు చివరికి ఒక గుంపులో 25, ఇంకోదానిలో 9, మిగతావి రెండూ మూడూ, ఒంటరివి అయిదు వచ్చాయి. పక్కనే పాత చిత్రం పెట్టి చూస్తే ఇదే నిజం కణానికి దగ్గరగా ఉంది. పది సెంటీమీటర్ల లోపు ఎడమున్న గుంపుల చుట్టూ దారంతో ఒక గీత కట్టండి. 100 నానోమీటర్ల లోపు ఉన్న గుంపులు ఒకదానికొకటి అందించుకుని ఒకే జట్టుగా తెరుచుకోగలవని పరిశోధకుల అంచనా.

గోదాము లోపల, అట్టల మధ్య, సగ్గుబియ్యం దారానికి గుచ్చి వేలాడదీస్తే కాల్సీక్వెస్ట్రిన్ అవుతుంది, కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్. గోదాము మళ్లీ నింపే పంపు పేరు సెర్కా, దాన్ని గుంపులకి దూరంగా అట్ట అంచుల మీద రాయండి. ఒక్కో విడతకి రెండు కాల్షియాలు ఎక్కించి ఒక ఏటీపీ (కణానికి ఇంధనం లాంటిది) ఖర్చు పెడుతుంది. 1929లో ఏటీపీని కనుక్కున్న వాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. లేబుల్ మీద ఆ పేరు రాస్తే జడ్జీలు ఆగి చదువుతారు, మాకు అనుభవం.

మోడల్ ఆరేలోగా డాబా నేల మీద సుద్దముక్క పని చేయండి. సుద్దలో ఉన్నదీ కాల్షియమే, సందర్భానికి తగింది. రెండు మీటర్ల ఎడంలో రెండు సమాంతర గీతలు గీయండి. ఇవి జడ్-లైన్లు, ట్యూబ్యూళ్లు దిగే చోట్లు. ఒక్కో గీత మీద 70 సెంటీమీటర్లు, 90, మీటరు అలా ఎడం మార్చుకుంటూ చుక్కలు పెట్టండి. ఒక్కో చుక్కా మీరు చేసిన మోడల్ అంతటి జట్టు. ఇప్పుడు ఒక చుక్క చుట్టూ దారంతో రెండు మీటర్ల అడ్డుకొలత ఉన్న వృత్తం గీయండి. 1993లో ఛెంగ్, లెడరర్, కానెల్ గుండె కణంలో మొదటిసారి చూసిన కాల్షియం స్పార్క్ అంత ఉంటుంది. ఒక జట్టు తెరుచుకుంటే వచ్చే మెరుపు, పదో వంతు క్షణం కూడా నిలవదు. అలాంటివి వేలకి వేలు ఒక్కసారి వెలిగితే ఒక గుండె చప్పుడు.

వృత్తం అంచు ఎక్కడికి వచ్చిందో చూడండి. పక్క జడ్-లైనుకి సగం దారిలోనే ఆగిపోయింది. సందు లోపల కాల్షియం పదుల మైక్రోమోలార్లు (ఇది గాఢత కొలత, ఒక మైక్రోమోలార్ అంటే వెయ్యి నానోమోలార్లు) దాటుతుంది, తలుపు తెరవడానికి అంతా కావాలి. మీటరు దూరం వచ్చేసరికి పలచబడి ఎందుకూ చాలదు. అందుకే ఒక స్పార్క్ దానంతట అది పక్క వరసని అంటించలేదు. ఆ దూరమే కాపలా.

ఇక్కడ మా అమ్మాయి ఒక మంచి ప్రశ్న వేసింది, "అత్తా, కదలకుండా ఉన్నప్పుడు ఆ సందులో కాల్షియం ఎంత ఉంటుంది?" కూర్చుని లెక్క వేశాం. 400 నానోమీటర్ల అడ్డుకొలత, 12 నానోమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి సందు, గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు 100 నానోమోలార్ కాల్షియం. తేలినది 0.09 అయాన్. మళ్లీ వేశాం, అంతే. అంటే పది డయాడ్లు వెతికితే ఒక్కదానిలో ఒక్క అయాన్ దొరుకుతుంది. మన కొలతలో అయాన్ అంటే సన్న ఇసుక రేణువు. మోడల్ సందులో ఇసుకేమీ వేయకండి, ఖాళీగా వదలండి, అదే సరైన చిత్రం. గోదాములో దీనికి సుమారు పదివేల రెట్లు గాఢంగా ఉంటుంది, అక్కడ మాత్రం చిటికెడు ఇసుక వేయొచ్చు.

జబ్బు గుండెను కూడా చూపించాలంటే రెండో మోడల్ చేయక్కర్లేదు. క్యాన్‌ని అట్ట నుంచి ఒక అడుగు వెనక్కి జరపండి. గుండె వైఫల్యంలో ట్యూబ్యూళ్లు కొన్ని చోట్ల పోతాయి, తలుపులు మిగులుతాయి, ఎదుట పిలిచేవాళ్లుండరు. వీటిని అనాథ తలుపులనే పిలుస్తారు. సిగ్నల్ వచ్చినా వెంటనే తెరుచుకోవు, పక్కవాళ్ల నుంచి కాల్షియం చేరేదాకా ఆలస్యమవుతుంది. పెద్ద గుంపులోని 25 ముక్కల్నీ పీకి అయిదేసి చొప్పున విడగొట్టి చూపించడం ఇంకో పద్ధతి. 2018లో నార్వేలో జబ్బుపడ్డ ఎలుక గుండెల్లో గుంపులు ఇలాగే చెదిరి ఉన్నాయని చూశారు. అప్పుడు స్పార్కులు మందకొడిగా వస్తాయి, కొంత కాల్షియం చడీచప్పుడు లేకుండా కారిపోతుంది. ఇలా పీకడానికి వీలుగా పెద్ద గుంపులోని ముక్కల్ని ముందే ఫెవికాల్‌తో కాకుండా రెండువైపుల టేపుతో అతికించుకోండి. సీపీవీటీ అనే జబ్బు సంగతి వేరు. దానిలో ఎక్కువగా తలుపు జీన్‌లోనే లోపం, 2001లో గుర్తించారు. పిల్లలు పరిగెత్తినప్పుడో భయపడినప్పుడో తలుపులు వేళ కాని వేళ తెరుచుకుని గుండె లయ తప్పుతుంది. ఒక ముక్కకి ఎర్ర రంగు వేసి పక్కన ఆ పేరు రాస్తే చాలు.

మోసుకెళ్లడం గురించి. ఆటోలో పట్టదు, క్యాన్ ఒకటి అట్ట ఒకటి విడిగా పట్టుకెళ్లి అక్కడ టేపు వేయండి. మేము ఇసకతోట దాటేసరికి రెండు బొట్లు రాలిపోయాయి, ప్యాకెట్‌లో మిగిలినవి దగ్గరుంచుకోవడం మేలు. ఎగ్జిబిషన్‌లో ఒక సారు వచ్చి, "ఏంటమ్మా, ముక్కలు ఇలా అడ్డదిడ్డంగా అతికించావు, టైము చాల్లేదా?" అని అడిగారట. మా అమ్మాయి చెయ్యి పరిచి జాన చూపించి మొదలుపెట్టిందట, ఇరవై నిమిషాలు ఆయన్ని కదలనివ్వలేదు.

క్యాన్ కడిగి ఇచ్చేయండి. ఫెవికాల్ మరక ఉంటే నీళ్లవాడు డిపాజిట్ వెనక్కివ్వడు.